చేయి లేచిన తర్వాత

సెన్సారు ఆఫీసులో అందరూ ఆయన్ని గంటాయన అనేవారు. ఎదురుగా కాదు లెండి, చాటున. ఎదురుగా అయితే "సార్, సార్" అంటూ నడుములు వంచేవారు. సినిమా తీసినవాడి తలరాత ఆయన అరచేతి కింద ఉండేది మరి. ప్రివ్యూ హాల్లో మూడో వరసలో ఒక బల్ల, దాని మీద పచ్చగుడ్డ, టోపీ పెట్టిన చిన్న దీపం, దీపం పక్కన గంట. నెత్తిన ఒక్కటిస్తే టింగుమనే ఇత్తడి గంట. తెర మీద ఎవడైనా కత్తి ఎత్తాడా, టింగ్. వెనక మిషను గదిలో ఆపరేటరు ఆ చోటికి గుర్తు పెట్టుకుంటాడు. ఆట అయ్యాక ఆ ముక్క ఎగిరిపోతుంది. జనం గట్టెక్కుతారు.

జనాన్ని గట్టెక్కించడం మామూలు పని కాదని ఆయనే చెప్పేవాడు, అదీ ఎవరూ అడక్కుండానే. బడివాళ్ళు పిలిస్తే బడికి, క్లబ్బువాళ్ళు పిలిస్తే క్లబ్బుకి వెళ్ళి మైకు పట్టుకునేవాడు. "ఆ ఘోరాలన్నీ మీ తరఫున నేను చూస్తున్నాను. మీ పిల్లలు హాయిగా పడుకోవాలని నేను నిద్ర పోగొట్టుకుంటున్నాను" అనేవాడు. నిద్ర పోగొట్టుకున్న ఆ మనిషి గురక మేడ మీది వాటా వాళ్ళకి కూడా వినపడేదన్నది వేరే సంగతి. బడిపిల్లలు చప్పట్లు కొట్టేవారు. మాస్టార్లు కొట్టమనేవారు కాబట్టి కొట్టేవారు.

ఇక అసలు సంగతి. మొదటిదొక్కటి తప్ప ఆయన ఏ ఘోరాన్నీ చూడలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో సినిమాలో గొడ్డలి దెబ్బ చూసి, బయటికి పరిగెత్తి గోడవార కక్కుకున్నాడు. అప్పటి పెద్దాఫీసరు వచ్చి వీపు నిమిరి, ఆ ఆఫీసులో ఒకరి నుంచి ఒకరికి నడుస్తున్న కిటుకు చెవిలో వేశాడు. "ఓరి పిచ్చివాడా, దెబ్బ చూడమని నీకెవడు చెప్పాడు? చేయి లేస్తుంది చూడు, అదీ నీ గుర్తు. లేవగానే గంట కొట్టు, కళ్ళు మూసుకో. చప్పుళ్ళు ఆగాక తెరువు. ఎలాగూ తీసేసే ముక్కేగా, చూస్తే ఎంత, చూడకపోతే ఎంత?"

ఇంత చవకైన ఉపదేశం దొరికాక ఎవడు వదులుకుంటాడు? ఆ రోజు నుంచి గంటాయన చేయి లేవడం చూశాడు, మనిషి కిందపడి ఉండటం చూశాడు. రెంటికీ మధ్య ఏం జరుగుతుందో ఆయన ఎరగడు. "పూర్తిగా చూశాను" అని కింద సంతకం మాత్రం ప్రతిసారీ పెట్టాడు. పిల్లి కూడా కళ్ళు మూసుకునే పాలు తాగుతుంది గానీ, దానికి జీతం ఇచ్చి ఉపన్యాసాలకి ఎవరూ పిలవరు.

దీనివల్ల చిత్రాలు కూడా జరిగాయి. ఒక సినిమాలో హీరో చేయెత్తింది ఫ్యాను స్విచ్చి వేయడానికి. గంటాయన టింగుమనిపించాడు. ఆ సినిమాలో ఫ్యాను దానంతటదే తిరిగింది, జనం దయ్యమేమో అనుకుని చివరిదాకా దాని కోసం ఎదురుచూశారు. ఇంకో సినిమాలో తల్లి చేయెత్తింది కొడుకు తల నిమరడానికి. దానికీ టింగే. ఆ తల్లి కొడుకుని ముట్టుకోకుండానే ఆట ముగిసింది. అదేమిటని అడిగే దమ్ము ఎవరికీ లేకపోయింది.

ఆఫీసుకి కొత్తగా కరెంటు బజ్జరు పెట్టించినప్పుడు పాత ఇత్తడి గంటని ఆయనకే బహుమతిగా ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకున్నాడు. అయిదేళ్ళ మనవరాలు వచ్చి, "ఇదేంటి తాతయ్యా?" అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. "ఇది మామూలు గంట కాదే తల్లీ. ఎక్కడైనా చెడ్డపని జరగబోతుంటే తాతయ్య ఇది కొడతాడు. అంతే, ఆ చెడ్డపని ఆగిపోతుంది." పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని విన్నది. రెండు రోజుల్లో గంట షోకేసులోంచి పాప బొమ్మల బుట్టలోకి మారిపోయింది.

ఇంట్లో ఉన్నది నలుగురే. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు బీమా కంపెనీలో మేనేజరు, చొక్కా మడత నలగనివ్వడు, బయట అందరితో తేనె పూసినట్టు మాట్లాడతాడు. కోడలు నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు బిగించి, జోడు ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి పంపుతుంది. మామగారి జోడు కూడా ఆమె బిగించిందే. "మీ దూరం చూపుకి ఢోకా లేదు మావయ్యగారూ, ఇది చదువుకోవడానికి మాత్రమే" అని చెప్పి మరీ ఇచ్చింది.

ఒక సాయంత్రం భోజనాల బల్ల దగ్గర గంటాయన తింటున్నాడు, పాప ఓ మూల బొమ్మల బుట్ట ముందేసుకుని కూర్చుంది. కోడలు దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చింది. కొడుకు ఎందుకని అడిగాడు. పని ఎక్కువైందని ఆమె అంది. ఏం పని, ఎవరితో పని అని వీడు అన్నాడు. ఆమె గ్లాసులో నీళ్ళు వంచుతోంది. కొడుకు లేచాడు. చేయి లేచింది.

గంటాయన కళ్ళు మూసుకుపోయాయి. అన్నేళ్ళ అలవాటు, ఆయన మూయక్కర్లేదు, అవే మూసుకుంటాయి. తెరిచేసరికి కుర్చీ పక్కకి ఒరిగి ఉంది. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో గాజుపెంకులు ఏరుతోంది, ఇంకో చేయి చెవి మీద అదిమి పెట్టుకుంది. మూలనుంచి గంట మోగుతోంది, టింగ్ టింగ్ టింగ్ అని ఆగకుండా.

"జారిపడింది నాన్నా" అన్నాడు కొడుకు, చొక్కా చేతులు సర్దుకుంటూ.

"నేల తడిగా ఉన్నప్పుడు చూసుకుని నడవాలమ్మా" అన్నాడు గంటాయన కోడలితో. మూలకి తిరిగి, "ఆ గోల ఆపు పాపా, తింటున్నాం కదా" అన్నాడు. గంట ఆగింది. ఆయన మజ్జిగ కలుపుకున్నాడు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది ఆ మజ్జిగ దగ్గరే.

మర్నాడు కోడలు పాపని తీసుకుని అన్నగారింటికి వెళ్ళిపోయింది. కొడుకు ఊరుకుంటాడా? తనే కుటుంబ సలహా కేంద్రానికి వెళ్ళాడు. నా భార్యకి కాలూ చేయీ నిలకడ లేదు, మాటిమాటికీ పడుతుంది, వస్తువులు పడేస్తుంది, ఏదో ఒక రోజు పిల్లని కూడా పడేస్తుంది, పిల్లని నాకు ఇప్పించండి అని అర్జీ పెట్టాడు. తేనె పూసిన మాటలు అక్కడ బాగానే పనిచేశాయి. ఇరువైపులా వినడానికి రోజు ఖాయం చేశారు.

ఆ రోజుకి ముందురోజు పొద్దున కోడలు సెన్సారు ఆఫీసు గేటు దగ్గర నిలబడింది. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని ఉంది.

"మావయ్యగారూ, రేపు మిమ్మల్నీ పిలిచారు. పాపని నా దగ్గర ఉంచాలో ఆయనకి ఇవ్వాలో రేపు తేలుస్తారు. నా తరఫున మాట్లాడమని అడగటం లేదు. మీరు బల్ల దగ్గరే ఉన్నారు. చూసింది చెప్పండి, అంతే చాలు."

"దానిదేముందమ్మా, చూద్దాం. ఎండలో నిలబడకు, ఇంటికి వెళ్ళు" అన్నాడు పెద్దమనిషి. చిల్లర లేదు పొమ్మన్నట్టు ఉంది ఆ మాట.

ఆ రోజే ఆ సినిమా వచ్చింది. భయపెట్టే సినిమా అన్నారు. కమిటీలో గంటాయనకి అటు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఇటు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుండే లాయరు. దీపాలు ఆరాయి. తీరా చూస్తే కథలో హీరో ఒక సెన్సారాఫీసరు! హింస ఉన్న సినిమాలన్నీ చూసి కోస్తుంటాడు. కోసిన ముక్కలు పారెయ్యక ఇంట్లో అటక మీద దాచుకుంటాడు. ఒక్కో ముక్కా అటక దిగి వాడి ఇంట్లో జరగడం మొదలవుతుంది. లాయరు నమలడం ఆపి గంటాయన వంక చూసి కిసుక్కున నవ్వాడు.

"ఇదీ ఒక సినిమాయేనా? దయ్యం లేదు, పాడూ లేదు" అన్నాడు గంటాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకని గట్టిగానే అన్నాడు.

తెర మీద ఆ ఆఫీసరు ఇంట్లో నడవా. నడవా చివర ఒక ఆడమనిషి. ఎవరిదో చేయి లేచింది. గంటాయన బజ్జరు నొక్కి కళ్ళు మూసుకున్నాడు. హాల్లో చప్పుడు లేదు. కేక లేదు, దెబ్బ శబ్దం లేదు. ఎప్పుడు తెరవాలో తెలియక అలాగే కూర్చున్నాడు. అంతలో దీపాలు వెలిగాయి. మిషను గది కిటికీలోంచి ఆపరేటరు తల బయటికి పెట్టాడు.

"సార్, అక్కడ ఏం తియ్యమంటారు? అక్కడ తెర నల్లగా ఉంది, అంతే. చేయి లేచాక చీకటి పెట్టారు, చీకటి అయ్యాక ఆవిడ కింద పడి ఉంది. చీకటిని కొయ్యమంటారా?"

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి ఆయన వైపు చూసింది. "మీరు చూడలేదా?" అంది.

"చూశాను, చూశాను. మళ్ళీ వెయ్యి" అన్నాడు గంటాయన.

ఈసారి అటూ ఇటూ ఇద్దరూ తెరని వదిలి ఆయన్నే చూస్తున్నారు. కళ్ళు మూస్తే పరువు పోతుంది. ధైర్యం కాదు, సిగ్గు కూడా కాదు, పరువు. దానికోసమే ఆయన ఆ గొడ్డలి దెబ్బ తర్వాత మొదటిసారి కళ్ళు తెరిచి ఉంచాడు. నడవా వచ్చింది. ఆడమనిషి వచ్చింది. చేయి లేచింది. తెర నల్లబడింది.

ఆ నలుపులో భోజనాల బల్ల కనిపించింది.

అది తన ఇంటి బల్లే. ఒక మూల పాలిష్ పోయి తెల్లబడిన చోటు కూడా ఉంది. మడత నలగని చొక్కా చేయి గాలిలోంచి కిందికి దిగింది. కోడలి తల పక్కకి తిరిగిపోయింది. చేతి గడియారం గొలుసుకి ఆమె చెవిపోగు చిక్కుకుంది. చేయి వెనక్కి వచ్చింది, దాంతో పోగూ వచ్చింది, చెవి తమ్మె చీలింది. ఆమె అరవలేదు, పాప ఉన్న మూల వైపు చూసి నోరు బిగపట్టుకుంది. మూలన పాప గంట కొడుతోంది. బల్ల చివర ఒక ముసలాడు ముద్ద చేతిలో పట్టుకుని, పాపిష్టి కళ్ళు రెండూ బిగించి మూసుకుని, చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని కూర్చున్నాడు.

గంటాయన బజ్జరు మీద పెట్టిన వేలు తియ్యలేదు. "తీసెయ్యండి! ఆ ముసలాణ్ణి తీసెయ్యండి ముందు!" అని అరిచాడు.

దీపాలు వెలిగాయి. "ఏ ముసలాడండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్. లాయరు మంచినీళ్ళ సీసా ఆయన ముందుకి జరిపాడు. గంటాయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. రుమాలుతో మొహం తుడుచుకుని, "అతి హింస. ఈ సినిమా ఆడటానికి వీల్లేదు" అని సంతకం పెట్టేశాడు. ఒక్క దెబ్బ కూడా లేని సినిమాని హింస ఎక్కువైందని ఆపిన మొనగాడు ఇంకెక్కడా ఉండడని మిషను గదిలో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ సినిమా తీసిన అమ్మాయి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆయన బయటికి రాగానే లేచి నిలబడింది. ఎందుకు ఆపారని అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఆమె మాత్రం, "సార్, ఆ చీకట్లో మీకు ఎవరు కనిపించారు?" అంది. ఆయన మెట్లు దిగిపోయాడు.

దిగితే దిగాడు, ఆ ముక్క మాత్రం ఆయన్ని వదల్లేదు. అంతకుముందు కళ్ళు మూసుకుంటే ప్రశాంతంగా ఉండేది. ఇప్పుడు మూసుకుంటే చాలు, ఆట మొదలు. రెప్ప వాలితే బల్ల, రెప్ప వాలితే చెవిపోగు. మొహానికి సబ్బు రాసుకుందామంటే భయం. ఆ రాత్రి మేడ మీది వాళ్ళకి గురక వినపడలేదు. ఉపన్యాసాల్లో చెప్పిన ముక్క ఒక్కటి ఆ విధంగా నిజమైంది.

మర్నాడు సలహా కేంద్రంలో ఒక చిన్న గది. గోడకి ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల వెనక నెరిసిన జుట్టు ఆఫీసరమ్మ. ఒక పక్క కొడుకు, ఇస్త్రీ చొక్కా. ఇంకో పక్క కోడలు, ఆమె అన్న, వాళ్ళ మధ్య పాప. పాప ఒళ్ళో గుడ్డసంచి ఉంది.

"మీరు పెద్దవారు, బాధ్యత గల ఉద్యోగంలో ఉన్నారు. మీ మాట మీద మాకు గురి ఉంది" అంది ఆఫీసరమ్మ. "ఆ రోజు మీ అబ్బాయి ఆవిణ్ణి కొట్టడం మీరు చూశారా?"

గంటాయన నోరు తెరిచాడు. చెప్పేవాడేనేమో, ఆ పుణ్యం ఎందుకు కాదనాలి. సరిగ్గా అప్పుడే కొడుకు నుదుటి మీది జుట్టు సర్దుకోవడానికి చేయెత్తాడు. ఈయన కళ్ళు టక్కున మూసుకుపోయాయి. మూసుకున్న కళ్ళ వెనక బల్ల ఉంది, చొక్కా చేయి ఉంది, చీలిన చెవి ఉంది, అంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా ఆడుతోంది. దాన్ని చూస్తూనే అన్నాడు.

"చూడలేదమ్మా. నాకు చూపు సరిగ్గా ఆనదు."

కళ్ళు తెరిచేసరికి కోడలు తననే చూస్తోంది. ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. ఆయన చూపు ఎంతో ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. "సరేనండి" అని మాత్రం అంది, ఆఫీసరమ్మతో.

ఆఫీసరమ్మ పాప వైపు వంగింది. "సంచిలో ఏముంది బంగారూ?"

పాప గంట తీసి బల్ల మీద పెట్టింది. "తాతయ్య గంట. చెడ్డపని జరుగుతుంటే కొడితే ఆగిపోతుంది."

"అలాగా! నువ్వెప్పుడైనా కొట్టావా?"

"ఊఁ. నాన్న అమ్మని కొట్టినప్పుడల్లా కొట్టాను. ఆగలేదు." పాప తాతయ్య వైపు తిరిగింది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "నేను కళ్ళు తెరుచుకుని కొట్టాను తాతయ్యా. నీలాగా కళ్ళు మూసుకుని కొట్టాలా?"

కొడుకు నవ్వబోయాడు, తేనె అంటుకోలేదు. ఆఫీసరమ్మ చాలాసేపు గంటాయన మొహమే చూసింది. అంతమంది పిల్లల్ని కాపాడానని మైకుల్లో చెప్పుకున్న మనిషి అయిదేళ్ళ పిల్ల అడిగిన దానికి నేల చూపులు చూశాడు. పాపని తల్లి దగ్గరే ఉంచారు. అందులో తాతగారి చలవ వీసమెత్తు లేదు.

తర్వాత ఇంట్లో తండ్రీ కొడుకులు మిగిలారు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద లేవడం నేర్చిన చేయి, ఎదురుగా ఒక్కరే మిగిలితే ఏం చేస్తుంది? కొన్నాళ్ళు తలుపుల మీద లేచింది, కొన్నాళ్ళు గిన్నెల మీద లేచింది. "ఆ రోజు మీరు గట్టిగా చెప్పి ఉంటే పిల్ల నాకు దక్కేది" అన్నాడు ఒక పూట కొడుకు, అదే బల్ల దగ్గర. చేయి లేచింది. గంటాయన కళ్ళు మూసుకున్నాడు. చేయి లేచిన తర్వాత ఏం జరుగుతుందో అప్పుడు తెలిసింది. గంట ఇంట్లో లేదు, ఉన్నా కొట్టే పిల్ల లేదు.

మేడ మీది వాటా ఆయన మెట్ల మీద కనిపించి, "మొహం అలా వాచిందేమిటి సార్?" అంటే, "జారిపడ్డానండీ, నేల తడిగా ఉంది" అన్నాడు.

కళ్ళజోడు ఒక కాడ విరిగింది, ఒక అద్దం బీటలిచ్చింది. ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణాలు వేరేవి చాలా ఉన్నాయి. అన్నీ దాటుకుని ఆ దుకాణానికే ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియాలి. కోడలు గాజుబల్ల వెనక నిలబడి ఉంది. జోడు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత ఆయన చెంప చూసింది.

"ఎలా విరిగింది మావయ్యగారూ?"

"జారి... కింద పడిందమ్మా."

ఆమె పని మొదలుపెట్టింది. పాత అద్దం తీసి, కొత్తది బిగించి, కాడకి మర తిప్పుతూ తల ఎత్తకుండానే అంది. "మీ చెంప నేను చూశాను. రేపు మిమ్మల్ని ఎవరైనా అడిగి, మీరు నన్ను పిలిస్తే వచ్చి చూసింది చెప్తాను."

తను ఇవ్వనిది ఆమె అడక్కుండానే ఇస్తోంది, దాన్ని పుచ్చుకోవడానికి ఆయనకి మొహం లేదు.

జోడు బాగైంది. పెట్టి చూడటానికి ఆమె రెండు చేతులూ ఎత్తింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది. జోడు మెత్తగా వచ్చి ముక్కు మీద కూర్చుంది. ఆమె వేళ్ళు కాడల్ని చెవుల వెనక సర్దాయి.

"కళ్ళు తెరవండి మావయ్యగారూ" అంది. "తెరిస్తేనే కదా తెలిసేది."

వెనక నిలబడ్డవాళ్ళెవరో దగ్గారు. ఆమె తొందరపెట్టలేదు. కాసేపటికి ఆయన తెరిచాడు. కాడ సరిచూడటానికి ఆమె తల పక్కకి వంచి ఉంది, జుట్టు వెనక్కి తొలిగింది. జానెడు దూరంలో చెవి. తమ్మె రెండుగా చీలి, కుట్లు వేసి కలిపిన గీత.

"ఆనుతోందా?" అంది కోడలు.

"ఆనుతోందమ్మా" అన్నాడు.